ఆరు బారల తాడు

రేడియోలో కబుర్లు చదివే వేళకి నసారియో పెరట్లో గోడకి ఆనుకుని టోపీ అల్లుకుంటున్నాడు. చెవుల మీదికి దిగే టోపీ, పెద్ద కొడుక్కి. సైకిలు చక్రం పుల్లల్ని రాతి మీద సానబట్టి చేసుకున్న సూదులు ఐదు చేతిలో ఉన్నాయి. ఎర్ర దారం మెడ వెనక నుంచి తిరిగి వేళ్ళ మీదికి వస్తోంది. భార్య వెనాన్సియా పొయ్యి ముందు కూర్చుని, నానబెట్టిన నల్ల దుంపల్ని పిండుతోంది.

పొద్దున ఆ గంటలో ఆ కొండల్లో ఏ ఇంట్లోనూ రేడియో కట్టెయ్యరు. ఎవరి ఎద్దు తప్పిపోయింది, ఎవరి కొడుకు గనుల నుంచి ఏ లారీలో దిగుతున్నాడు, ఎక్కడ ఎవరు మంచాన పడ్డారు, అన్నీ అందులోనే తెలుస్తాయి.

“చిల్కపాటాలో ఉంటున్న నసారియోకి. మీ అక్క దొమితిలాకి ఒంట్లో ఏమీ బాగాలేదు. వెంటనే బయల్దేరి రావలసింది. తింకిపంపా నుంచి మేనకోడలు యుసేబియా.”

ఆ కబురు రెండుసార్లు చదివారు. నసారియో రెండోసారి విన్నాక, అల్లుతున్న వరస చివరిదాకా అల్లి, సూదుల కొనలకి మొక్కజొన్న బెండు గుచ్చి లేచాడు.

లోపలి గదిలో దూలానికి వేలాడే సంచుల్లోంచి రెండు దించాడు. ఒకదాన్లో తెల్ల అల్పాకా ఉన్ని, ఇంకోదాన్లో నల్ల లామా ఉన్ని. రెండింట్లోంచీ గుప్పెళ్ళకొద్దీ తీసి మూట గుడ్డలో, అల్లుతున్న టోపీ పక్కన పెడుతుంటే వెనాన్సియా గుమ్మంలో నిలబడి చూసింది. తెలుపూ నలుపూ కలిపి దేనికి వడుకుతారో ఆమెకి తెలుసు.

“ఇప్పుడే ఎందుకయ్యా? ముందు పోయి చూడొచ్చు గదా.”

“రెండు రోజుల దారి. అక్కడికి పోయినాక వడికే తీరిక ఎక్కడిది?”

“బాగాలేదు అన్నారు. పోయింది అనలేదు గదా.”

“రేడియోలో అంతకంటే ఏం చెప్తారే,” అన్నాడు నసారియో. కదురు నడుముకి దోపుకున్నాడు.

మనిషి పోతే, గుడ్డలో చుట్టి, దాని మీద ఛాతీ నుంచి పాదాల దాకా ఏడు చుట్లు తాడు చుడతారు. రోజూ వడికే దారం కుడికి తిరుగుతుంది. ఈ తాడు మాత్రం ఎడమ పురిది. తోడబుట్టినవాళ్ళో కడుపున పుట్టినవాళ్ళో వడకాలి. ఏడు చుట్లకీ సరిగ్గా సరిపోవాలి. చాలకపోతే పోయినవాళ్ళు దారిలో చలికి వణుకుతారనీ, మిగిలితే ఆ మిగిలిన కొసతో ఇంట్లో ఇంకొకర్ని లాక్కుపోతారనీ అంటారు. అందుకని కొలత ముందే వేసుకోవాలి. నసారియో గడప దాటకముందే వేసుకున్నాడు. అక్క భారీ మనిషి. తలుపులో నిలబడితే వెనక వెలుతురు కనిపించేది కాదు. ఆరు బారలు పడుతుంది.

కనుమ దాకా ఆరు గంటల నడక. నడుస్తూ వడకడం అతనికి కొత్త కాదు. ఆ కొండల్లో ఖాళీ చేతులతో దారిన పోయే మనిషిని చూస్తే పిల్లలు కూడా నవ్వుతారు. కానీ యాభై ఏళ్ళు కుడికి తిరిగిన వేళ్ళు ఎడమకి తిరగమంటే మొరాయించాయి. మొదటి బారెడూ ముద్దలు ముద్దలుగా వచ్చింది. రెండుసార్లు తెగింది. తెగిన ముక్కని నోటితో తడిపి అతికించుకుంటూ, తిట్టుకుంటూ, వాగు దాటి ఎగువకి ఎక్కాడు.

అతనికి వడకడం నేర్పింది అక్కే. అమ్మ పోయేనాటికి అతనికి ఐదేళ్ళు, దొమితిలాకి పదిహేను. చిన్న బంగాళదుంపకి పుల్ల గుచ్చి కదురని చేతికిచ్చింది. దారంలో బొడిపె కనిపిస్తే చాలు, వేళ్ళ కణుపుల మీద ఆ పుల్లతోనే కొట్టేది. “ఇది దారమా, కప్పని మింగిన పామా?” అనేది. రాత్రి ఆ బంగాళదుంపనే కుంపట్లో కాల్చి అతనికే పెట్టేది.

అలాంటి అక్కని చూసి ఆరేళ్ళయింది. గొడవేమీ లేదు. ఏటా పంట తీశాక వెళ్దామనుకునేవాడు. ఒక ఏడు ఉన్ని కత్తిరింపులు ఆలస్యమయ్యాయి, ఒక ఏడు ఇంటి కప్పు, ఒక ఏడు సంత. మిగతా మూడేళ్ళూ ఎందుకు వెళ్ళలేదంటే చెప్పడానికి ఏమీ లేదు. కారణం ఉంటే దాని మీద కాస్త కోపం తెచ్చుకుని అయినా బతకొచ్చు. ఏమీ లేకపోవడమే అతనికి తలెత్తనివ్వకుండా ఉంది. కనీసం ఈ తాడైనా వంక పెట్టలేనట్టు వడకాలి అనుకున్నాడు.

కనుమ దగ్గర బాటసారులు మొక్కుకి పేర్చిన రాళ్ళగుట్ట మీద తనొక రాయి పెట్టి, మూడు కోకా ఆకులు గాలికి ఊది, అవతలికి దిగడం మొదలుపెట్టాక చెయ్యి దారికొచ్చింది. గాలి ఆగింది. వాలు అతని అడుగుల్ని తనే వేయిస్తోంది. కదురు తొడ పక్కన తుమ్మెదలా తిరుగుతోంది. ఉన్ని వేళ్ళ మధ్య నుంచి నీళ్ళలా జారి, జారినకొద్దీ దారమైపోతోంది. ముద్ద లేదు, సన్నం లేదు. నల్ల పోగు అయిపోయి తెల్లది మొదలైన సంగతి కూడా కాసేపటికి గాని గమనించలేదు. ఎన్నేళ్ళకో గాని రాని చెయ్యి అది. అలాంటి చెయ్యి వచ్చినప్పుడు ఆకలి తెలియదు, కాళ్ళ నొప్పి తెలియదు. నసారియో లోపల్లోపల ఏదో పాట కూడా తీశాడు.

ఎవరికోసం వడుకుతున్నాడో ఆ వాలంతా మర్చిపోయాడు.

మర్నాడు పొద్దున రోడ్డు మీద లారీ దొరికింది. వెనక ఉల్లిపాయల బస్తాలు, వాటి మీద ఏడెనిమిది మంది. ఒక బస్తా మీద చోటు చూసుకుని, రెండు పోగులూ కలిపి పేనడానికి కూర్చున్నాడు. ఎడమకి వడికిన పోగుల్ని పేనేటప్పుడు కుడికి పేనాలి. పక్కన ఉల్లిపాయలు అమ్ముకునే ఆవిడ, పేరు హెర్మెలిందా. ఒళ్ళో కాళ్ళు కట్టేసిన కోడి. ఎక్కిన దగ్గర్నుంచీ ఆ చేతుల్నే చూస్తోంది.

“ఏం అన్నా, ఆడవాళ్ళం మేము సిగ్గుపడాలి. ఇంత సన్నగా మా అత్త కూడా పేనలేదు. ఆవిడకి నాలుక మాత్రమే సన్నం.”

లారీలో జనం నవ్వారు. నసారియో కూడా నవ్వాడు. అతనికి మెప్పు నచ్చింది. తాడు కొస ఆవిడ చేతికి ఇచ్చాడు, చూడమని.

ఆవిడ వేళ్ళతో నలిపింది. మళ్ళీ నలిపింది. నవ్వు ఆగిపోయింది.

“ఎడమ పురి.”

“ఆఁ.”

“ఎవరు, అన్నా?”

“మా అక్క.”

“అయ్యో. ఎప్పుడు పోయింది?”

నసారియో కదురు వైపు చూశాడు. “ఇంకా తెలీదు. బాగాలేదని కబురొచ్చింది.”

హెర్మెలిందా తాడు కొసని నెమ్మదిగా అతని మోకాలి మీద పెట్టేసింది. వేళ్ళు పావడాకి తుడుచుకుంది. కోడిని అటు పక్కకి మార్చుకుని, ఒక బస్తా అవతలికి జరిగి కూర్చుంది. మిగతావాళ్ళు కొండల వైపు చూడటం మొదలుపెట్టారు.

అప్పుడు ఆపి ఉండాల్సింది. కానీ సగం పేనిన తాడు వదిలేస్తే ముడతలు పడి పాడవుతుంది. జనానికి వీపు తిప్పి కూర్చుని పేనాడు. పేనుతుంటే మనసులో ఒక బొమ్మ కదిలింది. అక్క ఇంటి ముందు మనుషులు. తాడు చేతులు మారుతోంది. ‘ఎవరు వడికారు? తమ్ముడా? ఆహా.’ ఆ ‘ఆహా’ చెవికి ఇంపుగా వినిపించాక గాని తను ఏం ఊహించుకుంటున్నాడో అతనికి తెలియలేదు. చెవులు కాలిపోయాయి. నెత్తి మీది టోపీ కిందికి లాక్కున్నాడు.

తింకిపంపా దగ్గర దిగేసరికి తాడు పూర్తయింది. ఆరు బారలు. ఉండ చుట్టి మూట అడుగున పెట్టాడు.

అక్క ఇల్లు ఊరి చివర, గొర్రెల దొడ్డి పక్కన. ఇంటి ముందు జనం ఉంటారనుకున్నాడు. ఎవరూ లేరు. ఎండ పడిన గోడకి ఆనుకుని, గొర్రెతోలు మీద ఎవరో చిన్న ముసలమ్మ కూర్చుని వడుకుతోంది. కదురు చిన్న మట్టి చిప్పలో తిరుగుతోంది. ఎవరి ముసలమ్మ అయ్యుంటుందా అనుకుంటూ నాలుగడుగులు వేశాడు.

“ఎవరది? ఎడమ కాలు ఈడ్చే మనిషి ఈ చుట్టుపక్కల లేడే,” అంది ముసలమ్మ. “ఒరే, నసారియో కాదు గదా?”

ఆ గొంతు అక్కది. నసారియో నిలబడిపోయాడు.

ఆ నిమిషంలో అతనికి ముందు కలిగింది సంతోషం కాదు. బతికే ఉందని తెలిసిన ఆ మొదటి రెప్పపాటులో అతని మనసు మూట అడుగుకి పోయింది. అయ్యో, అంత మంచి తాడు, అనుకుంది. చేసిన పని దండగైపోయిన మనిషికి కలిగే చిరాకు లాంటిది ఒకటి గొంతు దాకా వచ్చి వెనక్కి పోయింది. ఆ వెనకాలే సంతోషం కూడా వచ్చింది, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి, వంగి అక్కని కావలించుకున్నాడు కూడా. కానీ ఏది ముందొచ్చిందో అతనికి తెలుసు.

కావలించుకుంటే చేతుల్లోకి ఏమీ రాలేదు. నాలుగు పావడాలు, వాటి లోపల కట్టెపుల్లలు. కళ్ళ మీద పాలపొర కమ్మింది.

“చావుకొచ్చావా, చూట్టానికొచ్చావా?” అంది దొమితిలా, అతని మొహం తడుముతూ.

“అదేం మాటక్కా.”

“నవ్వులాటకన్నాలేరా. గడ్డం గీసుకోలేదు, అందుకే అడిగా.”

యుసేబియా దొడ్లోంచి పరుగెత్తుకొచ్చింది. “మామా! వారం కిందట ఇచ్చిన కబురు మామా అది. నిన్న చదివినట్టున్నారు. మూడు రోజులు మంచినీళ్ళు కూడా దిగలేదు. నాలుగోరోజు లేచి, దుంపల్లో ఉప్పు తక్కువైందని నన్ను తిట్టింది. ఇంక బతికినట్టేలే అనుకున్నా.”

“తక్కువే వేశావు,” అంది దొమితిలా.

చారు తాగాక దొమితిలా చెయ్యి చాపింది. దూరం నుంచి వచ్చినవాళ్ళు దారిలో చేసిన పనిని ఇంటివాళ్ళ చేతిలో పెట్టడం వాళ్ళింట్లో అలవాటు. ఎలా ఉన్నావని అడగక్కర్లేదు, దారం చూస్తే తెలుస్తుందని ఆవిడే అనేది.

“ఏం వడికావు రెండు రోజులూ? ఇట్టా ఇయ్యి.”

“వడకలేదక్కా. టోపీ అల్లాను.”

మూటలోంచి కొడుకు టోపీ తీసి ఇచ్చాడు. దొమితిలా అంచు నుంచి పైదాకా వేళ్ళు పోనిచ్చింది. ఒకసారి పై పెదవికి ఆనించుకుంది. కళ్ళు పోయాక పెదవే ఆమెకి కన్ను.

“ఇదంతా ఇంట్లో కూర్చుని అల్లింది. బిగువు చెప్తోంది. లారీలో అల్లితే కుదుపుకి వదులవుతుంది. ఒక్క వరసైనా వదులు లేదే.” టోపీ తిరిగిచ్చేసింది. “రెండు రోజులు చేతులు ముడుచుకుని వచ్చావా? నా తమ్ముడివేనా నువ్వు?”

“మనసు బాగాలేదక్కా.”

“మనసు బాగాలేకపోతేనే గదరా చేతికి పని కావాల్సింది,” అంది. మరి అడగలేదు.

మర్నాటి నుంచి నసారియోకి ఆ ఉండ నిప్పు కణికలా అయింది. కాల్చెయ్యడానికి లేదు. బతికున్న మనిషి తాడు కాలిస్తే ఏమవుతుందో తలుచుకోవడానికే భయం. ఏట్లో పారెయ్యడానికి లేదు, పారేస్తే ఏరు మనిషినే అడుగుతుందంటారు. పాతిపెట్టడమంటే సరేసరి. మూటలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోతే అక్క చావు కోసం దాచుకున్నట్టు. ఇంక ఒక్కటే దారి. ఎలా చేశాడో అలాగే విప్పెయ్యాలి. పేనింది విడదీసి, పోగుల పురి తిప్పి, మళ్ళీ ఉన్ని చేసెయ్యాలి. ఉన్నికి ఎడమా లేదు, కుడీ లేదు.

మూడోరోజు మధ్యాహ్నం, యుసేబియా గొర్రెల్ని తోలుకుపోయాక, దొమితిలా ఎండలో కునుకు తీస్తోందనుకుని దొడ్డి గోడ వెనక కూర్చున్నాడు. విప్పడం వడకడం కంటే కష్టం. బాగా పడిన పురి విడిపోనంటుంది. కదురుకి కట్టి వెనక్కి తిప్పుతూ, ఇంచు ఇంచుగా పోగులు విడదీస్తూ, ఒక బార పూర్తయింది. రెండోది సగంలో ఉండగా గోడకి కర్ర తగిలిన చప్పుడైంది.

“ఏందిరా, కదురు ఏడుస్తోంది?” అంది దొమితిలా. గోడ పట్టుకుని వచ్చి అతని పక్కనే చతికిలబడింది. “వడికే కదురు చప్పుడు కాదది. ఏం విప్పుతున్నావు?”

“ఏం లేదక్కా. పాడైన దారం.”

“చూడనీ.”

ఇవ్వకుండా ఉండొచ్చు. అక్క చెయ్యి చాపితే ఇవ్వకుండా ఉండటం అతనికి ఐదేళ్ళప్పుడూ చేతకాలేదు, ఇప్పుడూ చేతకాలేదు.

దొమితిలా తాడుని వేళ్ళ మధ్య నడిపించింది. పెదవికి ఆనించుకుంది. దొడ్లో లామా ఒకటి తుమ్మింది.

“ఎవరికి?” అంది.

“మా ఊళ్ళో... ఒక ముసలాయనకి.”

“ఆయన తోడబుట్టినవాళ్ళు ఏమయ్యారు? నువ్వెందుకు వడికావు?”

“ఎవరూ లేరు. అడిగారు. వడికా.”

“మరి తాడు నీ దగ్గరెందుకుంది?”

“బతికాడు.”

“అదృష్టవంతుడు,” అంది దొమితిలా. “పేరేంటి?”

చిల్కపాటాలో ముసలాళ్ళు ఇరవై మంది ఉంటారు. ఒక్కడి పేరూ నాలుక మీదికి రాలేదు.

దొమితిలా గోడ పట్టుకుని లేచింది. విప్పగా మిగిలిన తాడు, విప్పేసిన జంట పోగులు, అన్నీ కలిపి చేతిలోకి తీసుకుంది. కొస ఛాతీ దగ్గర పెట్టుకుని తన చుట్టూ తనే చుట్టుకోవడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. నసారియో “అక్కా వద్దు” అన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు. సంతలో బట్టలు కొలిచే మనిషిలా, ఏ తొందరా లేకుండా, లెక్కపెడుతూ చుట్టింది. ఏడు. ఏడు చుట్లూ అయ్యాక కూడా చేతిలో తాడు మిగిలింది. దాన్ని రెండు చేతులా చాపి చూసింది. ఒక బార. ఇంకో బార.

“రెండు బారలు ఎక్కువ,” అంది. “లావాటి ముసలాయన.”

నసారియో వేళ్ళకి అంటిన ఉన్ని దులుపుకున్నాడు.

“నేనూ ఇంత లావుండేదాన్ని. నువ్వు ఆఖరుసారి వచ్చినప్పుడు.”

అతను నేల వైపు చూశాడు. అక్కడ గొర్రె పెంటికలు, వాటి మీద అతని వేళ్ళ నుంచి రాలిన తెల్ల ఉన్ని తునకలు. ఆ కొలత ఆరేళ్ళ కిందటిది. మనిషి ఎలా ఉందో తెలియకుండానే కొలత వేసుకుని గడప దాటిన సంగతి, ఆ రెండు బారల తాడు గాల్లో వేలాడుతూ చెబుతోంది. రేడియోలో చదివినా అంత గట్టిగా ఉండదు.

“అక్కా, నేను...”

“నోరు మూసుకో. ఆ పని బాగా వచ్చు గదా నీకు.” ఒక్కొక్క చుట్టూ విప్పుకుంటూ కూర్చుంది. తాడు ఒళ్ళో పోసుకుంది. “ఒక్కటడుగుతా, అబద్ధం చెప్పకు. చెప్పినా పర్లేదు, నాకు తెలుస్తుంది. వడుకుతుంటే బాగుందా?”

అడిగితే తిడుతుందనుకున్నాడు. కొడుతుందనుకున్నాడు. ఈ మాట అడుగుతుందనుకోలేదు. మెడ కింద నుంచి వేడి పైకి పాకింది. ఆ వాలు, ఆ ఆగిన గాలి, లోపల తీసిన పాట, లారీలో ఆ ‘ఆహా’, ఇంటి ముందు ఆ మొదటి రెప్పపాటు, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి.

“బాగుందక్కా,” అన్నాడు.

“తెలుసు.” దొమితిలా తాడుని బొటనవేలితో నిమిరింది. “ఏడుస్తూ వడికితే ఇంత నున్నగా రాదు. అమ్మకి నేను వడికిన తాడు నిండా బొడిపెలే. నాన్న చూసి సిగ్గుపడి, పైన తన పోంచో దుప్పటి కప్పాడు. ఇంత మంచి దారం నా ఆయుష్షులో నేను వడకలేదురా. దీన్లో ఒక్క కన్నీటి చుక్క లేదు.”

తిట్టి ఉంటే అతను తట్టుకునేవాడు. మెచ్చుకోవడం తట్టుకోలేకపోయాడు. టోపీ తీసి మొహం మీద పెట్టుకున్నాడు. దాని వెనక భుజాలు కదిలాయి.

“చాలు, చాలు. అప్పుడు రానిది ఇప్పుడెందుకు. ఉన్ని తడుస్తుంది,” అంది దొమితిలా. “ఒకటిన్నర బార విప్పి తగలేశావు. పేను మళ్ళీ.”

“వద్దక్కా. విప్పేస్తా. మొత్తం విప్పేస్తా.”

“దీన్ని విప్పితే మళ్ళీ ఇట్టాంటిది ఎప్పుడు వడుకుతావు? యుసేబియా చేతిలో పడితే నన్ను మోకులతో కడుతుంది. కదురు తియ్యి. నేను కొస పట్టుకుంటా.”

అలా మొదలైంది. దొమితిలా విప్పిన జంట పోగుల కొసల్ని విడివిడిగా వేళ్ళ సందుల్లో పట్టుకుని కూర్చుంది. నసారియో ఎదురుగా కూర్చుని కదురు తిప్పాడు. ఆవిడ చావుతాడు ఒక కొస ఆవిడ చేతిలో, ఒక కొస అతని చేతిలో. లారీ కుదుపుల్లో కూడా తెగనిది ఇక్కడ నేల మీద రెండుసార్లు తెగింది.

“కప్పని మింగిన పాము,” అంది దొమితిలా, తెగిన చోట పెదవితో తడిమి. మొహంలో నవ్వు లేదు. “ఆపొద్దు. పేను.”

పూర్తయ్యాక అతను చాకు తీశాడు. “రెండు బారలు కోసేస్తానక్కా. మిగలకూడదు గదా.”

“ఉండనీ.”

“మిగిలితే...”

“మిగలదు. తిని లావవుతా,” అంది దొమితిలా. “నీ కొలతకి నేను పెరగడం సులువు. నువ్వు మళ్ళీ కొలత వేసుకోవాలంటే ఇంకో ఆరేళ్ళు పడుతుంది.”

ఉండని ఆవిడే చుట్టి పావడాల మడతల్లో దాచుకుంది. ఆ సంగతి యుసేబియాకి చెప్పలేదు. ఆ తర్వాత తొమ్మిది రోజులు ఉన్నాడు నసారియో. దొడ్డి గోడ ఎక్కదీశాడు, గొర్రెల గిట్టలు కోశాడు, అక్క పక్కన ఎండలో కూర్చుని టోపీ పూర్తిచేశాడు. ఆవిడ మామూలుగానే మాట్లాడింది, ఉప్పు తక్కువైందని కూతుర్ని తిట్టింది. క్షమించానని గాని, లేదని గాని అనలేదు. అడిగే ధైర్యం అతనికి లేకపోయింది.

బయల్దేరే రోజు పొద్దున నడుములోంచి కదురు తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ముప్ఫై ఏళ్ళ కదురు. పట్టుకున్నచోట అరిగి నల్లబడి ఉంది.

దొమితిలా తడిమింది. “ఇదెందుకు?”

“ఇక్కడ ఉంచక్కా. వచ్చి తీసుకుంటా.”

“కదురు లేకుండా పోతావా? దారిలో జనం నవ్వుతారు.”

“నవ్వనీ.”

“ఎప్పుడొస్తావు?”

ఎప్పట్లా ‘పంట తీశాక’ అని నోటి దాకా వచ్చింది. మింగేశాడు. “నాట్లు కాగానే. మూడు నెలలు.”

దొమితిలా కదురుని గోడ సందులో, తన చెయ్యి అందేచోట గుచ్చింది. చుట్టూ తడిమి, గట్టిగా నిలబడిందో లేదో చూసుకుంది. “పో మరి. లారీ పోతుంది.”

లారీలో ఉల్లిపాయల బస్తాలు లేవు, ఖాళీ గోనెలు ఉన్నాయి. వాటి మీద హెర్మెలిందా, ఈ సంతలోనూ అమ్ముడుపోని అదే కోడితో. నసారియోని గుర్తుపట్టి కాస్త ముడుచుకుంది. అతని చేతులు చూసింది. ఖాళీ. నడుము చూసింది. కదురు లేదు.

“పూడ్చేశారా అన్నా?” అంది మెల్లిగా.

“లేదు. లేచి కూర్చుంది.”

“మరి తాడు?”

అబద్ధం చెప్పొచ్చు. ఆవిణ్ణి మళ్ళీ ఎప్పుడు చూస్తాడు గనక. “చూసింది. రెండు బారలు ఎక్కువైందంది. తిని లావవుతానంది.”

హెర్మెలిందా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆపుకోలేక పకపకా నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఏంటేంటని అడిగారు. ఆవిడ చెప్పింది. లారీ అంతా నవ్వింది. మూలన ఒక ముసలాయన, “తాడు మిగిలితే పంపించమను, మా ఆవిడకి సరిపోద్ది,” అన్నాడు. నసారియో తల వంచుకుని ఆ నవ్వంతా పడనిచ్చాడు. టోపీ కిందికి లాక్కోలేదు.

“చేతులు ఖాళీగా ఎట్టా కూర్చుంటావన్నా అంత దూరం,” అంది హెర్మెలిందా చివరికి, కళ్ళు తుడుచుకుంటూ. “ఇదిగో, దీన్ని పట్టుకో. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి.”

కోడిని అతని ఒళ్ళో పెట్టి అటు తిరిగి పడుకుంది. లారీ ఎగువకి ఎక్కుతోంది. నసారియో కోడిని పొట్టకి అదుముకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. అతని బొటనవేలూ చూపుడువేలూ కోడి మెడ కింది మెత్తటి ఈకల్ని పట్టుకుని, అతనికి తెలియకుండానే, కుడి వైపుకి పురి పెడుతున్నాయి. కోడి ఓర్చుకుంది.